దెబ్బ మనది, గడి ఎవరిది?

డప్పు కొట్టేటోడు ఒకడు, డప్పు మీద బతికేటోడు ఇంకొకడు. ఇది మనకు కొత్త ముచ్చట కాదు. తోలు తీసినోడు మనోడు, ఆ తోలును చట్రానికి బిగించినోడు మనోడు, మంట కాడ కాపి వాయించినోడు మనోడు. కానీ కూలి ఎంతని తేల్చింది దొర, ఎవరి ఇంటి ముందు మోగాలో చెప్పింది దొర, ఎప్పుడు ఆపాలో చెప్పింది కూడా దొరే. దొరలు పోయిన్రు. గడీలు కొన్ని కూలినయి. అయినా ఆ లెక్క పూర్తిగా మారలేదు. ఇప్పుడది కొత్త వేషం కట్టుకొని కంప్యూటర్‌లోకి వస్తున్నది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

"భూముల సంగతి, హాస్టళ్ళ సంగతి రాయక, మన పత్రికలో మిషన్ల ముచ్చటేంది?" అని కార్యకర్తలు అడగవచ్చు. అడగాలె కూడా. కాకపోతే చివరిదాకా చదివి అడగండి.

సంగతి ఏందంటే, మా వాడలో పుట్టి ఇంజనీరింగు చదివిన ఒక తమ్ముడు సంగీతానికి పనికొచ్చే ఒక ప్లగిన్ తయారు చేస్తున్నడు. తయారు చేసి తెచ్చి మా ముందు పెట్టలేదు. తయారు చేయకముందే వచ్చి, "ఇది ఎట్లుండాలో పెద్దమనుషులను అడిగి చేస్త" అన్నడు. బడి వరండాలో రెండు రాత్రులు కూర్చున్నం. డప్పు కొట్టే పెద్దవాళ్ళు ఆరుగురు, కొట్టడం మానేసినవాళ్ళు ఇద్దరు, మేము కొందరు పంతుళ్ళం, బడి పిల్లలు. వాదం బాగానే జరిగింది. ఆ వాదంలో మాకు తేలినదేందో రాస్తున్నం.

ఏందీ వస్తువు?

ఓమనగుంటల పీట అందరికీ ఎరుకే. వరుసగా గుంటలు, గుంటల్లో గింజలు. ఇదీ అట్లాంటిదే. కంప్యూటర్ తెర మీద వరుసగా పదహారు గళ్ళు కనబడతయి. ఏ గడిలో గింజ వేస్తే ఆ గడి కాడ దెబ్బ మోగుతది. ఖాళీ గడి కాడ ఊరుకుంటది. ఒక దీపం ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క గడి దాటుకుంటూ నడుస్తది. చివరిదాకా పోయి మళ్ళీ మొదటికొస్తది. దీన్ని స్టెప్ సీక్వెన్సర్ అంటరు.

మరి గడిలో మోగే దెబ్బ ఎక్కడిది? చాలా వాటిల్లో అది ఎక్కడో, ఎప్పుడో, ఎవరితోనో కొట్టించి నింపుకున్న దెబ్బ. దాన్ని శాంపిల్ అంటరు. మన తమ్ముడు చేసేదాంట్లో తేడా ఇక్కడే ఉంది. ఇది ఖాళీ పీట. డప్పుకు చిన్న మైకు తగిలిస్తే, ఆటలో కొడుతుండంగనే ఆ దెబ్బను పట్టి గడిలో వేస్తది. అందుకే దీన్ని లైవ్ శాంపిలింగ్ అంటున్నరు. ఇద్దరే కళాకారులున్నా సరే, తమ దెబ్బలనే గళ్ళల్లో నాటి, వాటి మీద మళ్ళీ తామే వాయిస్తూ, ఎనిమిది మంది దళం మోగినట్టు మోగించవచ్చు.

ఇక ప్లగిన్ అంటే, ట్రాక్టరుకు గొర్రు తగిలించినట్టే. సంగీతం చేసే పెద్ద సాఫ్ట్‌వేర్ ట్రాక్టరనుకోండి. దానికి తగిలించే పనిముట్టు ఇది. ట్రాక్టరు ఎవరిదైనా గొర్రు మనది కావచ్చు.

పోయిన దెబ్బలు

ఇది మన సంగతి ఎట్లయిందో చెప్తం. కొన్నేండ్ల కింద పట్నం నుంచి ఒక రికార్డింగు మనిషి మా దిక్కు వచ్చిండు. నలుగురు డప్పు కళాకారులను పొద్దంతా కూర్చోబెట్టుకున్నడు. పాట వద్దన్నడు, దరువు వద్దన్నడు. ఒక్కొక్క దెబ్బ విడివిడిగా కొట్టమన్నడు. నడిమిట్ల ఒకటి, అంచు మీద ఒకటి, గట్టిగ ఒకటి, మెల్లగ ఒకటి. సాయంత్రం మనిషికింత అని చేతిలో పెట్టి, కడుపునిండా అన్నం పెట్టించి పోయిండు. కాగితం లేదు, సంతకం లేదు. మనోళ్ళు సంబురపడ్డరు. పాట పాడకుండా పైసలొచ్చినయి గదా అనుకున్నరు.

తర్వాత రెండేండ్లకో మూడేండ్లకో ఆ నలుగుర్ల ఒకాయన ఒక పెండ్లికి పోయిండు. పెండ్లికి డప్పులను పిలవలేదు, డీజే పెట్టించిన్రు. ఆ డబ్బాల్లోంచి డప్పు మోగుతున్నది. విన్నడు, మళ్ళీ విన్నడు. ఆయన డప్పు చట్రానికి అప్పట్ల ఒక సన్న చీలిక ఉండేది. దెబ్బ పడ్డాక చివర్ల జిర్రుమని సన్నగా మోగేది. డబ్బాల్లోంచి అదే జిర్రు వస్తున్నది. "ఇది నా డప్పే" అన్నడు. ఎవరూ నమ్మలే, కొందరు నవ్విన్రు. మాతో చెప్పుకుంటూ ఆయన అన్న మాట మేము మరిచిపోలేం: "సారూ, నా చెయ్యి ఆడ మోగుతున్నది, నేను ఈడ ఉత్తగ నిలబడ్డ."

ఇది మన ఒక్క మండలం సంగతి కాదు. అమెరికాలో నల్లవాళ్ళకు ఎప్పుడో జరిగింది. వాళ్ళ బాధ మనకు పరాయిది కాదు. 1972లో బొంబాయిలో మన మరాఠీ సోదరులు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అక్కడి బ్లాక్ పాంథర్ల పేరు చూసే. ఆ దేశంలో గ్రెగరీ కోల్మన్ అని నల్లజాతి డ్రమ్ము కళాకారుడు ఉండేవాడు. ది విన్‌స్టన్స్ అనే బృందంలో వాయించేవాడు. 1969లో వాళ్ళు చేసిన ఒక రికార్డులో ఆరేడు సెకన్ల పాటు మిగతా వాద్యాలన్నీ ఆగి ఆయన డ్రమ్ము ఒక్కటే మోగుతది. ఆ ఆరేడు సెకన్లను కోసుకొని, శాంపిల్ చేసుకొని, ప్రపంచమంతా వేల పాటల్లో వాడుకున్నది. సినిమాలకు వాడిన్రు, వ్యాపార ప్రకటనలకు వాడిన్రు. దానికి "ఆమెన్ బ్రేక్" అని పేరు కూడా పెట్టిన్రు. వాయించిన కోల్మన్‌కు దాని మీద పైసా రాలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేని దశలో చనిపోయిండు. ఆయన పోయిన తొమ్మిదేండ్లకు, 2015లో, అభిమానులు చందాలు వేసి 24 వేల పౌండ్లు పోగుచేసి ఆ బృంద నాయకునికి ఇచ్చిన్రు. కొట్టిన చేతికి మాత్రం అందలేదు.

ఇంకొకాయన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. జేమ్స్ బ్రౌన్ దగ్గర డ్రమ్ము వాయించిండు. 1970లో వచ్చిన "ఫంకీ డ్రమ్మర్" అనే పాటలో ఆయన దరువును వెయ్యికి పైగా పాటల్లో కోసుకున్నరు. పాట పేరే డ్రమ్మర్ మీద ఉంది. హక్కు మాత్రం డ్రమ్మర్‌కు లేదు, పాట కట్టినవాడిగా రాసింది గాయకుని పేరు. స్టబుల్‌ఫీల్డ్ 2017లో పోయిండు.

ఎందుకిట్లా? పాట రాసినవాడికి హక్కు ఉన్నది, పాడినవాడికి పేరు ఉన్నది, దరువు కొట్టినవాడిది మాత్రం కూలి పని అని లోకం లెక్క. దరువును రచన అని ఎవరూ ఒప్పుకోలేదు. చెప్పు కుట్టినోడు కళాకారుడు కాదు, కుండ చేసినోడు శాస్త్రజ్ఞుడు కాదు అని మన దగ్గర చెప్పిన లెక్కే అది.

మిషను మనకు శత్రువా?

మొదటి రాత్రి వరండాలో ఒక పెద్దాయన తేల్చి చెప్పిండు. "డీజే డబ్బాలు వచ్చి మా సగం పిలుపులు పోయినయి. ఇప్పుడు ఇంకో డబ్బా మీరే తయారుచేస్తరా? మా నోట్ల మట్టి కొట్టనీకా మిమ్మల్ని చదివించుకున్నది?" ఈ మాటకు మా దగ్గర సమాధానం లేదు. అది నిజమే కనుక. ఒకప్పుడు బారాతుకు పది మందిని పిలిచినవాళ్ళు, ఇప్పుడు డబ్బాల బండి పిలుచుకొని డప్పులకు ఇద్దరిని, ముగ్గురిని అంటున్నరు. కొందరైతే ఒక్కరిని కూడా పిలవరు.

కొట్టడం మానేసిన ఇంకొకాయన లేచిండు. ఊళ్ళో పటేలు ఇంట్ల సావైతే అర్ధరాత్రి తలుపు తట్టి లేపుకొని పోయిన రోజులు ఆయనకు యాదికి ఉన్నయి. కొట్టను అన్నందుకు ఆయన తండ్రి తన్నులు తిన్నడు. "మిషను రానీ. వాళ్ళ సావుకు మిషనే కొట్టనీ. మిషను మెడల డప్పు వేస్తే మిషనుకు ఇజ్జత్ పోదు. నా కొడుకు మెడల వేస్తే పోతది" అన్నడు.

ఇద్దరూ అన్నదమ్ముల్లాంటి వాళ్ళే. ఇద్దరి మాటా సత్యమే. డప్పు మనకు అన్నమూ పెట్టింది, అవమానమూ పెట్టింది. డప్పు విడిచిపెట్టాలా, పట్టుకొని ఎత్తాలా అన్న వాదం మన ఉద్యమంలో పాతదే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు, సిగ్గుతో దించుకున్న డప్పును జెండాలాగా ఎత్తుకున్నం. ఆ రోజు నుంచి డప్పు మారలేదు, అదే తోలు, అదే కట్టె. దాన్ని ఎప్పుడు మోగించాలో తేల్చేటోడు మారిండు. అదే అసలు సంగతి. మిషను విషయంలోనూ అదే అడగాలె. మంచిదా చెడ్డదా అని కాదు, మీట ఎవరి చేతిలో ఉంది అని.

దీనికి కూడా ఉదాహరణ ఉంది. జపాన్‌లో రోలాండ్ అనే కంపెనీ 1980లో టీఆర్-808 అనే తాళం మిషను తెచ్చింది. ముందు వరుసలో పదహారు మీటలు. శబ్దం అసలు డ్రమ్ములాగ లేదని చాలామంది పక్కన పెట్టిన్రు. సుమారు 12 వేలు చేసి, 1983లో ఆపేసిన్రు. పాతసామాను ధరకు దొరికిన ఆ మిషన్లను న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్ నగరాల్లో నల్లజాతి పిల్లలు కొనుక్కున్నరు. కంపెనీ ఊహించని పని చేయించిన్రు. ఇవాళ ప్రపంచం చిందులేసే సంగీతంలో పెద్ద భాగం అక్కడి నుంచే వచ్చింది. అంటే మిషను చేతిలోకి వచ్చినప్పుడు అదే నల్లవాళ్ళు రాజులైన్రు. తమ దెబ్బ వేరేవాళ్ళ మిషనులోకి పోయినప్పుడు అనాథలైన్రు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకొని చూడాలె.

తయారీలో మా పట్టు

రెండో రాత్రి తమ్ముడు లాప్‌టాప్ తెరిచిండు. అప్పుడు అసలు వాదం మొదలైంది. ఇక్కడ మేము నేర్చుకున్నది ఒకటే. మిషను తయారుచేసే ప్రతి చిన్న నిర్ణయంలోనూ ఒక పక్షపాతం దాగి ఉంటది. ఒక్కొక్కటే చెప్తం.

ఒకటి, పదహారు గళ్ళు. ఈ లెక్క ఎవరు పెట్టిన్రు? నాలుగు నాలుగుల పదహారు. పాశ్చాత్య పాటకు ఆ లెక్క సరిపోతది. మన తీన్మార్ పేరులోనే మూడు ఉన్నది. పదహారును మూడుతో భాగించండి, ఒకటి మిగులుతది. బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక ఆడపిల్ల ఇది అందరికంటే ముందు చెప్పింది: "సార్, పన్నెండు గళ్ళుంటే మూడూ పోతది, నాలుగూ పోతది." డప్పు మోయనియ్యని ఇంట్ల పుట్టిన పిల్ల ఆమె. "ఆడపిల్లకు డప్పెందుకు" అని వాళ్ళ నాయిన చేతిలోంచి గుంజుకుంటడు. వరుస పొడుగు మార్చుకునే వీలు చాలా మిషన్లలో ఉంటది, నిజమే. కానీ తెరవంగనే కనబడేది పదహారే. తెరవంగనే కనబడేదాన్నే పిల్లలు సంగీతం అనుకుంటరు. కనుక మన పీట తెరిస్తే మొదట పన్నెండు గళ్ళు కనబడాలె. ఒక్కొక్క వరుస పొడుగు వేరువేరుగా పెట్టుకునే వీలుండాలె. ఒక వరుస పన్నెండు, ఇంకో వరుస ఏడు నడిస్తే అవి ఎనభై నాలుగు గళ్ళకు ఒకసారి మొదట్లో కలుస్తయి. ఆ కలిసే చోట ఎగిరి దుంకే దెబ్బ పడాలె.

రెండు, దెబ్బను గీతలోకి గుంజడం. నిమిషానికి వంద లెక్కన తాళం నడుస్తుంటే, ఒక్క లెక్కను నాలుగు గళ్ళు చేస్తే, ఒక్కొక్క గడికి సెకనులో వెయ్యిట్ల నూట యాభై వంతులు వస్తయి. మన కళాకారుడు ఆ గీత మీదనే కొట్టడు. ముప్పై వంతులో నలభై వంతులో వెనక కొడతడు, లేదా ముందు కొడతడు. తప్పు కొట్టిండని కాదు. ఆ వెనకపాటులోనే అడుగు పడుతది, నడుము ఊగుతది. మిషన్లకు ఒక అలవాటు ఉంది: దెబ్బను పట్టుకొని గీత మీదికి "సరిచేస్తయి". మా పెద్దాయన విని, "ఇది మా దెబ్బ కాదు, పోలీసోళ్ళ కవాతు" అన్నడు. కనుక దెబ్బ ఎక్కడ పడ్డదో ఆ జరుగుడుతో సహా మిషను దాచుకోవాలె. సరిచేసే మీట ఉంటే ఉండనీ, కానీ అది మూసి ఉండాలె. మనం తెరిస్తేనే తెరుచుకోవాలె.

మూడు, మెల్లటి దెబ్బ. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. సిర్ర గట్టిగ మోగుతది, పుల్ల సన్నగ నడుస్తది. మిషను దెబ్బను గుర్తుపట్టాలంటే శబ్దం ఒక గట్టు దాటాలె. గట్టు ఎత్తు పెడితే సిర్ర ఒక్కటే వినబడతది, పుల్ల చేసిన పనంతా లెక్కల్లోంచి పోతది. గట్టు తక్కువ పెడితే పక్కవాడి డప్పు, జనం కేకలు అన్నీ లోపలికొస్తయి. ఇంకొకటి కూడా ఉంది. ఒక దెబ్బ మోత ఆగకముందే దాన్నే రెండో దెబ్బ అనుకోకుండా మిషను కొద్దిసేపు చెవులు మూసుకుంటది. ఆ కొద్దిసేపు ఎక్కువైతే పుల్ల చేసే చిటచిటలన్నీ మాయమైతయి. గట్టిగ అరిచినోడి మాటే వినడం ఊరి పెద్దల పద్ధతి. మన మిషనుకు ఆ బుద్ధి వద్దన్నం. సిర్రకు ఒక గట్టు, పుల్లకు ఒక గట్టు పెట్టి, రెండూ కళాకారుని చేతిలోనే ఉండాలన్నం.

నాలుగు, మైకు. గాలిలో నిలబెట్టే మైకు పెడితే డబ్బాల్లోంచి వచ్చే మోత మళ్ళీ మైకులోకే పోతది. మిషను తన గొంతును తనే పట్టుకుంటది. చట్రానికి అంటించే చిన్న బిళ్ళ మైకు తక్కువ ధరకే దొరుకుతది. అది గాలిని వినదు, కట్టె అదురును వింటది. తమ్ముడు అదే తగిలించిండు, చాలావరకు కుదిరింది. అంచు దెబ్బ కొంచెం మొద్దుగా వస్తున్నది, చట్రం మీద ఎక్కడ అంటించాలో ఇంకా చూస్తున్నం.

ఐదు, ఆలస్యం. దెబ్బ కొట్టినాక మిషను దాన్ని విని, బయటికి పంపే లోపల కొంత సమయం పడుతది. సెకనుకు 48 వేల ముక్కల లెక్కన శబ్దాన్ని కోసే కంప్యూటర్, 256 ముక్కల మూటలు కట్టి పంపితే, ఒక్కొక్క మూటకు సెకనులో వెయ్యిట్ల ఐదు వంతులకు కొంచెం ఎక్కువ. పోనూ రానూ పది దాటుతది. ఎక్కువనా? శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతది. పది వంతుల ఆలస్యం అంటే మూడున్నర మీటర్ల అవతల నిలబడ్డవాడి డప్పు విన్నట్టు. మన దళంలో ఆ చివరి మనిషి అంతకంటే దూరమే ఉంటడు, అయినా కలుపుకొని కొడుతున్నం. కనుక దానికి భయపడే పనిలేదు. నలభై, యాభై అయితే మాత్రం కాళ్ళు తడబడతయి. పాత లాప్‌టాప్‌లో ఎంత వస్తదో కొలిచి చూడాలె, ఎందుకంటే మనోళ్ళ దగ్గర ఉండేది పాతదే.

ఆరు, కాక. ఇది పట్నం ఇంజనీర్లకు తట్టని సంగతి. మంట కాడ కాపిన డప్పు పలుకు కాసేపటికి దిగుతది. ముందు పట్టిన దెబ్బ ఒక శ్రుతిలో, ఇప్పుడు కొట్టే దెబ్బ ఇంకో శ్రుతిలో ఉంటే రెండూ కొట్లాడుకుంటయి. మళ్ళీ కాపితే మళ్ళీ మారుతది. కనుక కాలితో ఒక్కసారి తొక్కితే పాత దెబ్బ పోయి కొత్త దెబ్బ ఆ గడిలో కూర్చోవాలె, దరువు ఆగకుండనే. చేతులు రెండూ డప్పు మీద ఉంటయి. తెర ముట్టే తీరిక ఎవరికీ ఉండదు. కనుక మీటలన్నీ కాళ్ళ కాడ ఉండాలె. ఆపే మీట అన్నిటికంటే పెద్దగా ఉండాలె.

ఏడు, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆట అయిపోంగనే గళ్ళు ఖాళీ కావాలె. మనిషి పోతే దెబ్బ కూడా పోవాలె. ఎవరైనా దాచుకోవాలనుకుంటే, కొట్టినవాని పేరు, ఊరు, తేదీ రాయందే మిషను దాచుకోవద్దు. కొట్టినవాడు ఒప్పుకుంటేనే ఆ మూట బయటికి పోవాలె. "ఇట్ల చేస్తే దొంగ ఆగుతడా అన్నా?" అని తమ్ముడు అడిగిండు. ఆగడు. డబ్బాల ముందర ఫోన్ పెట్టి కూడా రికార్డు చేసుకుంటడు. కానీ తలుపుకు గొళ్ళెం పెట్టడం దొంగ కోసమే కాదు, ఇది ఒకరి ఇల్లు అని చెప్పనీకి కూడా.

ఈ ఏడో మాట విన్నాకనే మొదటి రాత్రి కోపం చేసిన పెద్దాయన కొంచెం మెత్తబడ్డడు. "అంటే నేను లేందే ఇది మోగదన్నమాట" అన్నడు. అవును. మేము కోరేది సరిగ్గా అదే. దెబ్బలు ముందే నింపి అమ్మే మిషను మనిషిని ఇంటికి పంపుతది. మనిషి ముందర నిలబడితే తప్ప నోరు తెరవని మిషను మనిషిని పిలిపిస్తది. ఈ రెంటికీ మధ్యనే మన కూలి, మన మర్యాద ఉన్నయి. ఇంత చేసినా పది మంది పోయే కాడికి ఇద్దరే పోతరు గదా అన్న బాధ మిగిలే ఉంటది. దాన్ని మిషను తీర్చలేదు. ఒక్క ఆటకు ఎంత, ఎందరు అని తేల్చే సంఘమే తీర్చాలె.

కాగితం

చట్టం గురించి రెండు మాటలు. కాపీరైట్ చట్టం 1957ది. పాట రాసినోళ్ళకు, బాణీ కట్టినోళ్ళకు అందులో హక్కులున్నయి. వాయించినోళ్ళకు లేవు. 1994 సవరణతో ప్రదర్శన ఇచ్చేవాళ్ళకు హక్కు వచ్చింది. మన దండోరా మోగిన ఏడాదే అది. ప్రదర్శకుడు అంటే ఎవరో చెప్పే వాక్యంలో నటులు, గాయకులు, వాద్యకారులతో పాటు పాములాడించేవాళ్ళు, గారడీవాళ్ళు కూడా ఉన్నరు. డప్పు పేరు రాయలేదు గానీ, ప్రదర్శన ఇచ్చే ఎవరైనా అని ఉంది కనుక మనమూ అందులోనే ఉన్నం. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడితే రాయల్టీ అడిగే హక్కు, పేరు చెప్పించుకునే హక్కు, దాన్ని చెడగొడితే అడ్డుకునే హక్కు ఇచ్చింది.

చట్టం ఉందని నిమ్మళంగ కూర్చుంటే నడవదు. "ఒక్క దెబ్బ కూడా ప్రదర్శనేనా?" అని రేపు వకీళ్ళు వాదిస్తరు. కాగితం లేనోడి మాట కోర్టులో నిలబడదు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛనును 2024లో నెలకు 4 వేలు చేసిన్రు. మంచిదే, కాదనం. కానీ పింఛను ముసలితనానికి ఇచ్చే ఆసరా. మన దెబ్బ మీద మనకున్న హక్కుకు అది బదులు కాదు.

జానపదం చెడిపోతదట

పట్నంలో కొందరు జానపద ప్రేమికులు ఉన్నరు. డప్పుకు కంప్యూటర్ తగిలిస్తే స్వచ్ఛత పోతదని వాళ్ళ బాధ. వాళ్ళ పిల్లలు మాత్రం కంప్యూటర్ మీదనే బతుకుతరు. మన పిల్లలు మంట కాడ కూర్చొని తోలు కాపుకుంటూ వాళ్ళకు స్వచ్ఛంగా కనబడాలె. మనం ఎక్కడ ఉన్నమో అక్కడే ఉంటే వాళ్ళు మనల్ని మెచ్చుకుంటరు. కదిలితే చెడిపోయినం అంటరు. ఇది మనువు చెప్పిన మాటే, కొంచెం మెత్తగ చెప్తున్నరు అంతే. సాఫ్ట్‌వేర్లలో మన వాద్యాలను "ఎత్నిక్" అని ఒక మూల గదిలో పెడతరు. పాశ్చాత్య డ్రమ్ము మాత్రం ఉత్త "డ్రమ్ము". ఊరికి ఊరు, వాడకు వాడ అన్న పద్ధతి తెర మీద కూడా ఉంది. దాన్ని మార్చాలంటే లోపలికి పోయి రాయగలిగే మన పిల్లలు కావాలె.

చదువుకున్న మనోళ్ళకు కూడా ఒక మాట. ఉద్యోగం రాంగనే డప్పు మోత వినబడితే తలుపేసుకునే వాళ్ళున్నరు. మేమూ కొన్నాళ్ళు అట్లనే చేసినం, దాచుకోవడమెందుకు. తరగతిలో "మీ నాయిన ఏం చేస్తడు" అని అడిగితే "వ్యవసాయ కూలి" అని చెప్పినం గాని డప్పు సంగతి చెప్పలేదు. ఇవాళ అదే డప్పు లెక్కలను పిల్లలకు భిన్నాలు నేర్పనీకి వాడుకుంటున్నం. పన్నెండులో మూడెన్ని, నాలుగెన్ని అని.

కార్యకర్తలకు మూడు పనులు చెప్పి ముగిస్తం. మొదటిది, మీ ఊళ్ళో ఎవరైనా డప్పు రికార్డు చేసుకోవడానికి వస్తే కాగితం లేకుండా ఒక్క దెబ్బ కూడా కొట్టనియ్యకండి. కాగితంలో పేర్లు, ఊరు, దేనికి వాడతరు, ఎంత కాలం, ఎంత వాటా అని ఐదు మాటలుండాలె. ఒక నకలు మన దగ్గర ఉండాలె. రెండోది, మీ వాడల్లో కంప్యూటర్ చదివే పిల్లలను డప్పు పెద్దల ముందర కూర్చోబెట్టండి. ఇట్లాంటి పనిముట్లు నేర్చుకోనీకి పెద్ద ఖర్చు లేదు. ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్ 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్నది, అందులో గీతలు గీసి గళ్ళు కట్టుకోవచ్చు. ఆడపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. మూడోది, డప్పు కొట్టడం మానేసినవాళ్ళను కించపరచకండి. వాళ్ళు మానేసింది సంగీతాన్ని కాదు, వెట్టిని.

తమ్ముని ప్లగిన్ ఇంకా పూర్తి కాలేదు. పుల్ల దెబ్బ ఇంకా సరిగ్గా పట్టడం లేదు. పట్టేదాకా బయటికి ఇయ్యొద్దని పెద్దలు చెప్పిన్రు, ఆయన ఒప్పుకున్నడు. పూర్తయ్యాక మొదటి ఆట మా వాడలోనే. చీలిక డప్పు పెద్దాయనే మొదటి దెబ్బ వేస్తడు. ఈసారి ఆయన చెయ్యి ఎక్కడ మోగితే ఆయన అక్కడనే నిలబడి ఉంటడు.

గడీలలో దొరలు కూర్చున్న కాలంలో మన దెబ్బ బయట మోగింది. ఇప్పుడు గడి మనమే గీసుకుందాం.

జై భీమ్!